దేవదారుకు దేని కొరత? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో వేపచెట్టు గురించి రాస్తూ, మాటవరసకు "హిమాలయాల్లోని దేవదారు మానులో ఏడాదికో వలయం పడుతుంది, వాటిని చూసి పాత వాతావరణం చెప్పవచ్చు" అన్నాను. అంతే! వేప సంగతి ఒక్కరూ అడగలేదు. ఉత్తరాలన్నీ దేవదారు మీదే వచ్చాయి. నల్లగొండ ఎండలో కూర్చుని మంచుకొండల చెట్ల గురించి రాయడం నాకూ హాయిగానే ఉంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ వార్షిక వలయాల పాఠాన్ని పిల్లలు రెండు మార్కుల ప్రశ్నగానే చూశారు. ఆ లోటు ఇప్పుడు తీరుతోంది.

ప్రశ్న: వేసవి సెలవుల్లో మనాలి వెళ్లాం. హిడింబ గుడి దగ్గరి అడవిలో నరికేసిన దేవదారు మొద్దు ఒకటి చూశాం. వలయాలు ఒకవైపు వెడల్పుగా, రెండోవైపు వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. వలయం వెడల్పుగా ఉంటే ఆ ఏడు వేడి, సన్నగా ఉంటే చలి అని గైడు చెప్పాడు. మరి ఒకే ఏడాది చెట్టుకు ఒకవైపు వేడి, ఇంకోవైపు చలి ఎలా ఉంటాయి?
– ఒక ఉపాధ్యాయుడు, కల్వకుర్తి

మీ ప్రశ్నతోనే గైడు సూత్రం సగం కూలిపోయింది మాస్టారూ. మిగతా సగం నేను కూలుస్తాను. ముందు వలయం ఎలా పడుతుందో చూద్దాం.

బెరడుకు లోపల, కట్టెకు పైన, కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. మాను లావెక్కడమంతా దాని పనే. లోపలివైపు కట్టెను, బయటివైపు బెరడు కణజాలాన్ని తయారుచేస్తూ పోతుంది. దేవదారు, పైన్, ఫర్ వంటి శంకుకాయల చెట్లను కోనిఫర్లు అంటాం. వీటి కట్టెలో దాదాపు అంతా ఒకే రకం కణాలు, ట్రాకీడ్లు. నీళ్లు మోసేవీ అవే, మానును నిలబెట్టేవీ అవే. మంచు కరిగి కేంబియం మేలుకోగానే పుట్టే కణాలు పెద్దవి, వాటి గోడలు పలుచన. అందుకే ఆ కట్టె లేత రంగులో ఉంటుంది. పెరిగే కాలం ముగింపుకు వచ్చేసరికి కణాలు చిన్నబడి, గోడలు మందమై, రంగు ముదురుతుంది. తర్వాత చలి వస్తుంది, పని ఆగిపోతుంది. మళ్లీ వసంతంలో ఆ ముదురు కణాలను ఆనుకునే లేత కణాలు మొదలవుతాయి. మీరు మొద్దు మీద చూసిన గీత ఆ సరిహద్దే. లేత పట్టీ, ముదురు పట్టీ కలిస్తే ఒక ఏడాది.

ఇక ఒకవైపే వెడల్పు ఎందుకంటారా, అది చాలావరకు వాతావరణం పని కాదు, వాలు పని. కొండవాలు మీద మట్టి జారి చెట్టు కాస్త ఒరిగితే, తనను తాను నిటారుగా నెట్టుకోవడానికి కోనిఫరు పల్లం వైపు ఎక్కువ కట్టె పెంచుతుంది. ఆ కట్టె ముదురు రంగులో, బరువుగా ఉంటుంది. ఆరితే వంకర పోతుంది కాబట్టి వడ్రంగులకు గిట్టదు. వలయాలు చదివేవాళ్లు అందుకే పల్లం వైపునూ మెరక వైపునూ వదిలేసి, వాలుకు అడ్డంగా ఉన్న రెండు పక్కల నుంచి నమూనా తీస్తారు.

గైడు చెప్పిన వేడి, చలి మాటకు వద్దాం. చెట్టు ఎదగడానికి వెలుతురు, వెచ్చదనం, నీళ్లు, పోషకాలు అన్నీ కావాలి. కానీ ఆ ఏటి వలయం ఎంత వెడల్పో తేల్చేది వాటిలో అన్నిటికంటే కొరతపడ్డది. బావినిండా నీళ్లుండి మోటారుకు కరెంటు రాని రైతును అడగండి, తన పంట కరెంటు మీదే ఆధారపడిందంటాడు. రోజంతా కరెంటుండి బోరు ఎండిపోయిన రైతు వాన మీదే అంటాడు. ఇద్దరివీ గట్టు పక్క గట్టు చేలే కావచ్చు. కొండమీది చెట్ల సంగతీ ఇంతే. వలయం వెడల్పుకు అర్థం చెప్పేముందు ఆ చెట్టు ఎక్కడ నిలబడిందో, అక్కడ దానికి దేని కొరతో అడగాలి.

మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తు. దేవదారుకు అది సుఖమైన చోటే, అక్కడ చలి దాన్ని పెద్దగా బాధించదు. చలికాలంలో పశ్చిమం నుంచి వచ్చే అలజడులు మంచు కురిపించి పోతాయి. రుతుపవనాలు జూన్ చివరికి గాని కొండెక్కవు. మధ్యలో మార్చి, ఏప్రిల్, మే నెలలే గడ్డుకాలం. ఆ నెలల్లో నాలుగు జల్లులు పడితే వలయం వెడల్పవుతుంది. ఎండ కాస్తే నేల ఆరిపోతుంది, సూదుల్లాంటి ఆకులు నీటిని కాపాడుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటాయి, దాంతో ఆహారం తయారీ తగ్గి వలయం సన్నబడుతుంది. పశ్చిమ హిమాలయ దేవదారుల మీద పనిచేసిన లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ శాస్త్రవేత్తలకు పదేపదే కనిపించినది ఇదే. అంటే వసంతం వేడిగా ఉన్న ఏడు అక్కడ వలయం సన్నగా ఉంటుంది. మీ గైడు సూత్రం అతను నిలబడ్డ చోటే తలకిందులైంది. ఆయనను మరీ తిట్టుకోకండి. ఇంకో వెయ్యిన్నర మీటర్లు ఎక్కి, చెట్లు ఆగిపోయే అంచు దగ్గర అదే మాట చెప్పి ఉంటే చాలాచోట్ల చెల్లేది.

ఇంకొక్క మాట. కోనిఫరు ఆకులు ఏళ్ల తరబడి రాలవు. పోయిన ఏడు దాచుకున్న ఆహారం ఈ ఏడు ఖర్చవుతుంది. కాబట్టి ఒక గట్టి కరువు దెబ్బ ఆ ఏటి వలయంతో పోదు, తర్వాతి ఏడాది, ఆ పై ఏడాది వలయాల్లోనూ కనిపిస్తుంది. మొద్దు మీద వేలు పెట్టి "ఈ గీత ఫలానా కరువు" అనేవాళ్లను కాస్త అనుమానంతో చూడండి.

ప్రశ్న: టీచర్ గారూ, కొండ శిఖరం దగ్గరి చెట్లకు వెచ్చదనమే కొరత అయితే, భూమి వేడెక్కుతున్నందుకు అవి సంతోషించాలి కదా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, దేవరకొండ

నీ లెక్క సరిగ్గానే ఉంది తల్లీ, ఒక ఎత్తు వరకు.

ప్రపంచంలో ఏ కొండనైనా చూడు, చెట్లు ఒక ఎత్తు దాటి పైకి వెళ్లవు. ఆ అంచుల దగ్గర, చెట్లు పెరిగే కాలపు సగటు ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచినా 6 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూఇటూగానే ఉంటోంది. చలికి ఆకులు ఆహారం తయారుచేయలేవని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. ఆకులు ఆ చలిలోనూ కొంత పని చేస్తూనే ఉంటాయి. పని మానేసేది కేంబియం. దాదాపు 5 డిగ్రీల కంటే దిగువన కొత్త కణాలు కట్టడం దాదాపుగా నిలిచిపోతుంది. చక్కెర ఉంటుంది, కానీ దాన్ని కట్టెగా మార్చే పని సాగదు. అందుకే అక్కడ వేసవి ఒక్క డిగ్రీ వెచ్చగా ఉన్నా వలయంలో తేడా తెలుస్తుంది.

నీ మాటకు సాక్ష్యం అమెరికాలో ఉంది. కాలిఫోర్నియాలోని వైట్ పర్వతాల్లో బ్రిసిల్‌కోన్ పైన్ అనే చెట్లున్నాయి. వంకరటింకర మాను, సగం ఎండిపోయిన బెరడు, చూస్తే రేపో మాపో చచ్చేలా ఉంటాయి. ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రవేత్త 1957లో వాటిలో ఒకదానికి 4,600 ఏళ్లు పైబడ్డాయని లెక్కతేల్చాడు. ఎండు గాలి, రాతినేల, చలి... ఆ దుర్భర పరిస్థితులే వాటికి దీర్ఘాయువిచ్చాయి. నిదానంగా పెరిగిన కట్టె గట్టిపడుతుంది, జిగురు నిండుతుంది, పురుగులకూ బూజుకూ లొంగదు. ఈ చెట్ల మీద 2009లో వచ్చిన ఒక పరిశోధన ఏం చెప్పిందంటే, అడవి అంచు నుంచి 150 మీటర్ల లోపు ఉన్న చెట్లు ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పెరిగినంత వేగంగా, గత 3,700 ఏళ్లలో ఏ యాభై ఏళ్లలోనూ పెరగలేదు. కారణం వేడేనని వాళ్ల నిర్ణయం. అంటే ఆ చెట్లు నువ్వన్నట్టు సంతోషించాయి.

కానీ అదే కొండ మీద, అదే జాతి చెట్లు, ఇంకాస్త కిందికి దిగితే ఆ జోరు లేదు. అక్కడి కొరత నీళ్లు. నాకు ఆ పరిశోధనలో బాగా నచ్చింది ఇదే. కాస్త ఎత్తు తేడాతో ఒకే జాతి చెట్టు చెప్పే సంగతి మారిపోతుంది.

హిమాలయాల్లో ఇంకా చిత్రం. మన పూర్వులు రాతకు వాడిన భూర్జపత్రం చెట్టు, అంటే హిమాలయ బర్చ్, కోనిఫరు కాదుగాని అడవి అంచున నిలబడేది అదే. అంత ఎత్తున దాన్ని చలే నిలువరిస్తుందని ఎవరైనా అనుకుంటారు. నేపాల్‌లో వలయాలు చూస్తే, రుతుపవనాలకు ముందు నెలల్లో తేమ చాలని ఏళ్లలోనే అది ఎక్కువ బిక్కచచ్చి కనిపించింది. అలాస్కా వంటి ఉత్తరాది అడవుల్లో మరో రకం పేచీ వచ్చింది. అక్కడ కొన్నిచోట్ల 1960ల దాకా వేడి పెరిగితే వలయం పెరిగేది. ఆ తర్వాత వేడి పెరుగుతున్నా వలయం దాని వెంట నడవడం మానేసింది. కారణాల మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. వేడి వల్ల నీటికి కరువు రావడం వాటిలో ఒకటి. వెచ్చదనం కొరత తీరగానే నీటి కొరత ముందుకొస్తుందన్నమాట. కాబట్టి వేడెక్కితే పైచెట్లకు మేలని పరీక్షలో రాయకు. "నీరు చాలినంత కాలం" అనే మూడు మాటలు చేర్చు.

ప్రశ్న: వలయాలు చూడాలంటే చెట్టును కొట్టాల్సిందేనా? అడవిని కొట్టి అడవి చరిత్ర రాయడమేనా ఈ శాస్త్రం?
– పాఠకురాలు, సూర్యాపేట

అక్కర్లేదమ్మా. అయితే మీ అనుమానం ఊరికే రాలేదు. 1964లో అమెరికాలోని నెవాడాలో ఒక పరిశోధక విద్యార్థి అనుమతి తీసుకునే ఒక బ్రిసిల్‌కోన్ పైన్‌ను కొట్టించాడు. లెక్కపెడితే 4,862 వలయాలు తేలాయి. అప్పటికి మనుషులు లెక్కతేల్చిన చెట్లలో అదే పెద్దముత్తైదువ. ఆ సిగ్గుపాటు ఈ శాస్త్రానికి ఇంకా పోలేదు.

మామూలుగా వాడేది ఒక బోలు ఉక్కు గొట్టం. ముందు భాగంలో మరలుంటాయి, వెనక అడ్డంగా పిడి. రొమ్ము ఎత్తున మానుకు ఆనించి చేతులతో తిప్పుతూ పోతే మొవ్వ దాకా, అంటే మాను నడిమధ్య దాకా, దిగుతుంది. తర్వాత సన్నని రేకు బద్దను లోపలికి తోసి, ఒక తిప్పు వెనక్కి తిప్పి లాగితే, పెన్సిలు కంటే సన్నని కట్టెపుల్ల బయటికొస్తుంది. అయిదు మిల్లీమీటర్ల మందం. దేవదారు పుల్లయితే చేతికి దాని జిగురు వాసన అంటుకుంటుంది. కోనిఫరు ఆ రంధ్రాన్ని తన జిగురుతోనే పూడ్చుకుంటుంది.

పుల్లను గాడి ఉన్న చెక్కబద్దలో జిగురుతో అతికిస్తారు. ఎలా పడితే అలా అతికిస్తే పనికిరాదు, కణాలు నిలువుగా ఉండేలా తిప్పి అతికించాలి. అప్పుడే పైముఖం మీద అడ్డుకోత కనిపిస్తుంది. ముందు గరుకుగా ఉన్న కాగితంతో, తర్వాత నునుపైన కాగితంతో, ఆ పైన ఇంకా నునుపైన దానితో రుద్దుతారు. సూక్ష్మదర్శిని కింద ఒక్కో కణం విడివిడిగా కనిపించేదాకా రుద్దుడే. ఆ తర్వాత ఒక్కో వలయం వెడల్పును మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలుస్తారు. ఒక్కోసారి వలయం మధ్యలో నలిగిపోయిన కణాల వరుస కనిపిస్తుంది. పెరిగే కాలంలో గడ్డకట్టే చలి తగిలిన గుర్తు అది. బ్రిసిల్‌కోన్ పైన్‌లలో అలాంటి దెబ్బ 1884 వలయంలో ఉంది. అంతకు ముందు ఏడాది, 1883లో, ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలై ఆకాశాన్ని మసకబార్చింది.

ఊరికే లెక్కపెట్టడం అసలు పని కాదు. గట్టి కరువు ఏడాదిలో చెట్టు మానులో ఒకవైపు వలయమే వేయకపోవచ్చు. పెరిగే కాలం మధ్యలో వాన ఆగి మళ్లీ పడితే దొంగ వలయం ఒకటి పడవచ్చు. అందుకే పదుల చెట్ల పుల్లలు పక్కపక్కన పెట్టి, సన్న వలయాల వరుస ఒకదానితో ఒకటి కలుస్తుందా అని చూస్తారు. కలవకపోతే ఎక్కడో ఒక ఏడు తప్పిపోయిందన్నమాట. దీన్ని పట్టుకున్నవాడు వృక్షశాస్త్రవేత్త కాదు, ఖగోళ శాస్త్రవేత్త. అమెరికాలోని అరిజోనాలో నక్షత్రాలు చూసే ఎ. ఇ. డగ్లస్‌కు సూర్యుడి మచ్చల పదకొండేళ్ల లయ పాత కాలంలోనూ ఉందా అన్న సందేహం పట్టుకుంది. సూర్యుడు మారితే వాన మారుతుంది, వాన మారితే ఆ ఎండునేలలోని పైన్‌చెట్టు వలయం మారుతుంది, కాబట్టి చెట్టును అడుగుదాం అన్నాడు. సూర్యుడి మచ్చల లెక్క ఆయన కోరుకున్నంత గట్టిగా తేలలేదు. కానీ 1929లో ఒక పాత శిథిలంలో దొరికిన కాలిన దూలం ముక్క, బతికున్న చెట్ల వలయాలకూ పురాతన కట్టడాల దూలాల వలయాలకూ మధ్య ఉన్న ఖాళీని పూడ్చింది. దాంతో ఆ కట్టడాలు ఏ ఏడు కట్టారో చెప్పగలిగారు. పోయింది ఒకటి, దొరికింది ఒకటి. నాకు ఈ కథ అందుకే ఇష్టం.

ప్రశ్న: మా పాలమూరులో ఒక ఏడు కాలమైతే రెండేళ్లు కాదు. వలస పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. హిమాలయాల్లో చెట్టు లావైతే మాకేం, సన్నబడితే మాకేం? ఈ పత్రికలో కాగితం దండగ.
– రైతు, వనపర్తి దగ్గరి గ్రామం

అయ్యా, మీ కోపం న్యాయమైనదే. అయినా కాగితం దండగ కాదని చెప్పే ప్రయత్నం చేస్తాను.

మన దేశంలో వానను పద్ధతిగా కొలవడం ఎప్పటి నుంచి ఉంది? భారత వాతావరణ శాఖ ఏర్పడిందే 1875లో. మరుసటి ఏడాదే ధాత కరువు వచ్చిపడింది. ధాత నామ సంవత్సరం, 1876. మద్రాసు, మైసూరు, హైదరాబాదు ప్రాంతాలన్నీ దానికి బలయ్యాయి. ఇప్పుడు చెప్పండి, అంతటి కరువు నూరేళ్లకోసారి వచ్చేదా, అయిదు వందల ఏళ్లకోసారి వచ్చేదా? నూట యాభై ఏళ్ల వానలెక్కతో దీనికి జవాబు దొరకదు. పెద్దల జ్ఞాపకాలు అంతకంటే పొట్టివి. చెట్ల దగ్గరికి వెళ్లక తప్పదు.

2010లో ఎడ్వర్డ్ కుక్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆసియాలోని మూడు వందలకు పైగా చోట్ల తీసిన చెట్ల వలయాలను కలిపి, ఏడు వందల ఏళ్లలో రుతుపవనాలు ఏ ఏడు ఎక్కడ మొండిచేయి చూపాయో పటాలుగా గీశారు. ఆ చెట్లలో చాలా భాగం కొండల మీది కోనిఫర్లే. వాళ్లు పేరుపెట్టి చెప్పిన నాలుగు మహా కరువుల్లో ఒకటి 1876–78, మన ధాత కరువు. ఇంకొకటి 1790–96. ఆ మధ్యనే, 1791–92లో, దక్కనులో శవాలు పూడ్చే దిక్కులేక పుర్రెలు పొలాల్లో పడి ఉన్నాయని పుర్రెల కరువు అన్నారు. మరొకటి 1756 నుంచి 1768 దాకా. పన్నెండేళ్లు! రెండేళ్లు కాలం కాకపోతేనే మన ఊళ్లు ఎలా ఖాళీ అవుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. వరుసగా అన్నేళ్ల లోటు ఈ ఖండంలో వచ్చిందని, మళ్లీ రావచ్చని తెలిస్తే చెరువు ఎంత లోతు తీయాలి, ఏ పంట మీద పందెం కాయకూడదు అనే ఆలోచన మారుతుంది.

వియత్నాం కొండల్లో ఫోకీనియా అనే సైప్రస్ జాతి చెట్టు ఉంది. దాని వలయాల్లో పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల్లో దశాబ్దాల పాటు సాగిన కరువులు బయటపడ్డాయి. కాలువలూ చెరువులే ప్రాణంగా బతికిన కంబోడియాలోని అంగ్‌కోర్ మహానగరం చితికిపోయింది ఆ కాలంలోనే. వలయాలు చూసిన తర్వాత ఆ పతనానికి యుద్ధాలొక్కటే కారణమని ఎవరూ అనడం లేదు.

ఇక మీరు అడగకపోయినా నేను ఒప్పుకోవలసినవి రెండున్నాయి. మనాలి దేవదారుకు పాలమూరు వాన తెలియదు. అది చెప్పేది తన వసంతం గురించే. వందల చోట్ల చెట్లను కలిపి, సముద్రాల వేడిమీ గాలుల దారులూ వాటిని ఎలా ముడివేస్తాయో చూసి మనకు వర్తించే సంగతి రాబడతారు. పైగా ఆ పటంలో మన దక్షిణాదిలో చెట్లు చాలా పలుచన. రెండోది, వలయం చెప్పేది వాన తప్పిందనే. 1876లో జనం పోయింది వాన తప్పినందుకే కాదు. ఇక్కడ ఆకలి చావులు జరుగుతుంటే ధాన్యం ఓడలెక్కి బయటికి పోయింది. ఆ పాపం ఏ వలయంలోనూ ఉండదు.

ప్రశ్న: టేకు కోస్తుంటే గీతలు బాగా కనిపిస్తాయి. కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని దూరంగా ఉంటాయి. మీరు దేవదారు అంటున్నారు, మన టేకు చెప్పదా?
– వడ్రంగి, మిర్యాలగూడ

ఎందుకు చెప్పదు? మీరు చిత్రిక పట్టేటప్పుడు చూస్తున్నది అదే. ఉష్ణదేశాల చెట్లలో ఏడాదికో వలయం ఇంత స్పష్టంగా వేసేవి తక్కువ. టేకు వాటిలో మేటి.

అడ్డుకోత చివరను పదునైన ఉలితో ఒక పొర తీసి, తడిగుడ్డతో తుడిచి చూడండి. ఒక వరుసలో సూదితో గుచ్చినట్టు పెద్ద రంధ్రాలు, వాటికి బయటివైపు చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. పెద్ద రంధ్రాల వరుసే ఏడాది మొదలు. టేకు మన దగ్గర ఎండాకాలమంతా మోడుగా నిలబడి, మృగశిర చినుకులకు చిగురిస్తుంది. అప్పుడు నీళ్లు గబగబా పైకి తీసుకెళ్లే పెద్ద నాళాలు పుడతాయి. దేవదారుకు చలి పెట్టే విరామాన్ని టేకుకు ఎండ పెడుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు కేరళ టేకులో 523 ఏళ్ల వలయాలు, 1481 నుంచి 2003 దాకా, వరుసగా పేర్చారు. ఎల్ నినో వల్ల, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం వల్ల, వానలు దెబ్బతిన్న ఏళ్లలో వలయాలు సన్నబడ్డాయని తేలింది.

నల్లమలలో, అమ్రాబాద్ అడవుల్లోనూ టేకు విస్తారంగా ఉంది. అలాగని గొడ్డలి పట్టుకుని మన్ననూరు దారి పట్టకండి, అది పులుల అభయారణ్యం! మీ చేతికి వచ్చే పాత ఇళ్ల దూలాలు చాలు. నల్లగొండ, మిర్యాలగూడల్లో పాత పెంకుటిళ్లు కూలుస్తున్నప్పుడు తరం క్రితపు టేకు దూలాలు వస్తుంటాయి. కోసి అమ్మేముందు చివర ఒక బిళ్ల తీసి, ఏ ఊరి ఇల్లో రాసి పక్కన పెట్టండి. చేవ చుట్టూ ఉన్న తెల్లకట్టె చెక్కేయకుండా ఉంటే మరీ మంచిది, చివరి వలయం అక్కడే ఉంటుంది. ఆ ఇంటి పెద్దలను కట్టె ఎక్కడిదని కూడా అడగండి. నల్లమలదా, గోదావరి మీద తెప్పకట్టి తెచ్చిందా, బర్మా నుంచి వచ్చిందా అనేది తెలియకపోతే, ఆ గీతలు ఎవరి వాన గురించి చెబుతున్నాయో ఎవరూ తేల్చలేరు.

ప్రశ్న: మా పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లంటారు. వలయాలు చూసి నిజం తేల్చరాదా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

కుదరదు నాయనా. మర్రికి ఏడాది పొడవునా పని ఉంటుంది, ఏటా నమ్మకంగా పడే గీత ఉండదు. పైగా ఊడలు నేలలో దిగి మానులవుతాయి. మనం ఇప్పుడు చూస్తున్న మానులు వేరువేరు వయసులవి. మొదటి మొవ్వ ఎక్కడుందో తేలకుండా దేన్ని లెక్కపెడతారు? ఏడు వందలన్నది జనం మాట. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. చెట్టు గొప్పతనానికి ఆ అంకె అవసరమని నేననుకోను. 2018లో చెదలు పట్టి కొమ్మలు కూలుతుంటే, ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించి కాపాడుకున్నారు. గొట్టం దించి రంధ్రం చేయడం అలాంటి చెట్టుకు అస్సలు మంచిది కాదు.

ప్రశ్న: మా తోటలో సరుగుడు చెట్లు, ఇంటి ముందు క్రిస్మస్ చెట్టు ఉన్నాయి. ఇవి కోనిఫర్లేనా? వలయాలు లెక్కపెట్టవచ్చా?
– పాఠకుడు, నాగర్‌కర్నూల్

సరుగుడు కోనిఫరు కాదు. పూలు పూసే చెట్టే. సూదుల్లా ఉన్నవి ఆకులు కావు, సన్నని కొమ్మలు. ఒకదాన్ని లాగి చూడండి, కణుపు దగ్గర ఊడుతుంది. కణుపు చుట్టూ పళ్లలా కనిపించేవే అసలు ఆకులు. మీ ఇంటి ముందుది మెట్లు మెట్లుగా కొమ్మలు వేసేదైతే అరకేరియా, పసిఫిక్ సముద్రంలోని నార్‌ఫోక్ దీవి చెట్టు. అది కోనిఫరే. కానీ మన దగ్గర దాన్ని నిద్రపుచ్చే చలికాలం లేదు, కాబట్టి గీతలు ఏడాదికొకటని నమ్మి లెక్కపెట్టవద్దు.

కోనిఫరు వలయాలు కళ్లారా చూడాలనుంటే యంత్రాలు ప్యాక్ చేసి వచ్చే పైన్‌చెక్క పెట్టెలు వెతకండి. మోటార్ల దుకాణాల వెనక పడేసి ఉంటాయి. చెక్క చివర తడిపితే లేత, ముదురు పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి. అరంగుళం వెడల్పు వలయాలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అది తోటలో ఎరువు వేసి తొందరగా పెంచిన పైన్ అయి ఉండవచ్చు. పెట్టె పక్కన గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర, అందులో దేశానికి రెండక్షరాల గుర్తు ఉంటాయి. అది చెక్కను పురుగు పట్టకుండా శుద్ధిచేసిన దేశానిది. చెట్టు పెరిగిన చోటు అదే కానక్కర్లేదు. కాబట్టి ఏళ్లు లెక్కపెట్టుకోండి, వాతావరణం మాత్రం అడగకండి.